హుఫూఫ్‌లో పదిమంది బీదలు

మక్కాకు పోయి ఉమ్రా చేసి వచ్చిన దగ్గర నుంచి మా వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇంటికి వస్తున్నారు. జంజం నీళ్ళు తాగి, ఖర్జూరం నోట్లో వేసుకుని, కాబా గురించి రెండు మాటలు విని, ఆఖరికి అందరూ ఒకటే అడుగుతున్నారు. "అంత డబ్బున్న దేశంలో బీదోళ్ళుంటారా మస్తానమ్మా?"

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోతున్నాను. ఆ దేశంలో నేను పని పెట్టుకుని మరీ బీదవాళ్ళ కోసం వెతికాను. ఎందుకు వెతికానో తెలియాలంటే ముందు మా చెల్లెలి సంగతి చెప్పాలి.

మేము దూదేకులవాళ్ళం. మాది కడప జిల్లా. పరుపులు, బొంతలు కుట్టి బతుకుతాం. పెద్ద బొంత కుట్టాలంటే ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. నాకెదురుగా ఎప్పుడూ మా చెల్లెలు హుసేనమ్మ కూర్చునేది. దాని మొగుడు చనిపోయిన ఏడాది రంజానుకు, నేనేదో మంచి చేస్తున్నాననుకుని, మసీదులో బీదలకిచ్చే జకాత్ పట్టీలో దాని పేరు రాయించాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. వేలిముద్ర వేసి వచ్చాను. పండగ ముందురోజు ఆ పట్టీని మైకులో చదివారు. "హుసేనమ్మ, భర్త లేడు, ఆదరువు లేదు" అని ఊరంతా వినబడింది. వచ్చి బియ్యం, చీర తీసుకుపొమ్మన్నారు. అది పోలేదు. మూడు నెలలు తిరగకుండానే ఇంటిపనికి సౌదీ వెళ్ళిపోయింది. "మీ దానం తినేదానికన్నా పరాయిళ్ళలో అంట్లు తోముకునేది మేలు" అంది పోతూ పోతూ. నాకు ఒళ్ళు మండి, "అల్లా మీద ఒట్టు, ఇంక నీ చేతి అన్నం ముట్టను" అన్నాను. పదకొండేళ్ళు ఆ ఒట్టు కాపాడుకున్నాను. సెలవుకు వచ్చినప్పుడల్లా అది అత్తగారి ఊరికి పోయి, అటునుంచి అటే విమానం ఎక్కేది.

ఉమ్రాకు బయలుదేరే ముందు మా బృందాన్ని తీసుకుపోయే హజ్రత్‌ను ఈ ఒట్టు గురించి అడిగాను. రక్తసంబంధం తెంచుకోమని చెప్పే ఒట్టు నిలబెట్టుకోకూడదన్నారు. "పోయి ఆయమ్మ చేతి అన్నం తిను. ఒట్టు తప్పినందుకు కఫ్ఫారా ఇచ్చుకో. పదిమంది బీదలకు రెండు పూటలా కడుపునిండా పెట్టు. నీ ఇంట్లోవాళ్ళకు ఏం పెడతావో అదే పెట్టాల. పాచిదీ మిగిలిందీ పనికిరాదు" అన్నారు.

అన్నం తినడం, అన్నం పెట్టడం. ఇంతే కదా అనుకున్నాను.

మక్కాలో చేతులు చాలవు

కాబాను మొదటిసారి చూసినప్పటి సంగతి రాయడం నా వల్ల కాదు. అందుకే వీధుల సంగతి రాస్తాను.

మన దర్గాల దగ్గర చేయి చాచేవాళ్ళు ఎదురొస్తారు. అక్కడ ఇచ్చేవాళ్ళు ఎదురొస్తారు. నమాజు అయి గుమ్మం దాటితే చాలు, ఒకరు నీళ్ళ సీసా, ఒకరు ఖర్జూరం పొట్లం, ఒకరు మజ్జిగ ప్యాకెట్టు చేతిలో పెడతారు. ఒక పెద్దాయన మజ్జిగ డబ్బా చంకన పెట్టుకుని నా వెంటపడ్డాడు. అప్పటికే నా చేతిలో నాలుగున్నాయి. వద్దని తల ఊపితే ఆయన ముఖం చిన్నబోయింది. సరేనని తీసుకున్నాక రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని ఏదో అన్నాడు. పుణ్యం దొరికిందని సంతోషమట. ఆ హడావుడిలో నా చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది. ఒంటి చెప్పుతో హోటలు దాకా కుంటుకుంటూ నడిచాను. మరుసటి రోజు పది రియాళ్ళకు కొత్త జత కొన్నాను. మన ఊళ్ళో ఆ ధరకు రెండు జతలు వస్తాయి, కానీ ఇవి ఇంకా అరగలేదు.

ఇక్కడే పదిమందిని చూసుకుందామనుకుని ఒకరోజంతా గమనించాను. అందరూ తెల్లబట్టల్లోనో నల్లబట్టల్లోనో ఉంటే ఎవరు ఉన్నవాళ్ళో, ఎవరు లేనివాళ్ళో తెలుస్తుందా?

మదీనాలో పరచిన చాప

మా బృందంలో రజియా టీచరని ఉన్నారు. కడపలో పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. నేను యాభై దాటాక, డ్వాక్రా సంఘం వాళ్ళు పెట్టిన బడిలో అక్షరాలు నేర్చుకున్నానని చెప్పినప్పటి నుంచి ఆమె ప్రతి బోర్డూ నా చేత చదివించాలని చూసేవారు. అరబ్బీ బోర్డులు నాకు ఎట్లా వస్తాయని అడిగితే, "కింద అంకెలున్నాయిగా, అవి చదువు" అనేవారు.

గురువారం ఇద్దరం ఉపవాసం ఉన్నాం. సాయంత్రం ఉపవాసం విడిచేవాళ్ళ కోసం మసీదు ఆవరణలో ఆడవాళ్ళవైపు పొడుగ్గా ప్లాస్టిక్ చాపలు పరిచారు. మేము నడిచిపోతుంటే ఒకామె నా కుడిచేయి పట్టుకుంది. వెంటనే ఇంకొకామె ఎడమచేయి పట్టుకుంది. ఇద్దరూ వాళ్ళవాళ్ళ చాప మీద కూర్చోమని లాగుతున్నారు. "పెళ్ళికూతురి చీర పట్టుకుని లాగినట్టు లాగుతున్నారే" అని రజియా టీచర్ నవ్వి, నన్ను ఎడమవైపుకే తోశారు. రొట్టె, పెరుగు, ఖర్జూరం, చిన్న గిన్నెలో కాఫీ. పెరుగు మీద ఒక పొడి చల్లుతారు. మన నువ్వులపొడిలాంటిదే, కారం మాత్రం లేదు. తిన్నాక చాప పరిచినామె మాకు ముద్దపెట్టినట్టు కాదు, మేమే ఆమెకు పెట్టినట్టు చేతులు పట్టుకుని కృతజ్ఞత చెప్పింది. చెత్త మడిచి, నేల తుడిచి వెళ్ళిపోయింది. పేరు కూడా తెలియదు.

అప్పుడు రజియా టీచర్ ఒక సంగతి చెప్పారు. మూడొందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఏ వాడ చర్చి ఆ వాడ బీదలనే పోషించాలట. పక్కవాడవాళ్ళు వస్తే తిరిగి పంపించేవాళ్ళట. సాయం తీసుకునేవాళ్ళు కుడి భుజం మీద ఎర్రగుడ్డతోనో నీలిగుడ్డతోనో ఒక అక్షరం కుట్టుకోవాలట. అది బీదరికానికి గుర్తు. పెళ్ళాం, పిల్లలు కూడా కుట్టుకోవాలి. ఆ గుడ్డ వేసుకోకపోతే సాయం తగ్గించేవాళ్ళు, ఆపేసేవాళ్ళు, కొట్టేవాళ్ళు కూడానట.

"ఎందుకట్లా?" అన్నాను.

"దొంగబీదలు రాకుండానట. ఇచ్చేవాళ్ళకు కూడా కనబడాలి కదా, ఎవరికి ఇచ్చారో" అన్నారామె.

అక్షరం కోసం నేను అన్నేళ్ళు తహతహలాడాను. అదే అక్షరాన్ని భుజం మీద కుట్టించి మనిషిని నడిపించవచ్చని అప్పటిదాకా నాకు తట్టలేదు.

దమ్మాం నుంచి దారిలో

బృందం ఇంటికి తిరిగి వెళ్ళింది. చెల్లెలిని చూసేందుకు నేను ఇంకో పది రోజులు ఆగాను. దమ్మాం విమానాశ్రయానికి మా మరిది దస్తగిరి కారు తెచ్చాడు. హుఫూఫ్‌లో ఒక ముసలామె ఇంట్లో ఇరవై ఏళ్ళుగా డ్రైవరు. హుసేనమ్మకు ఆ ఇంట్లోనే పని ఇప్పించింది కూడా అతనే. అందుకని అతనితోనూ నేను కొన్నేళ్ళు మాట్లాడలేదు.

"ఏం వొదినా, ఒట్టు గట్టు మీద పెట్టి వచ్చినావా?" అన్నాడు పెట్టె అందుకుంటూ.

"వచ్చినాలే. పదిమంది బీదోళ్ళను చూపీ, అన్నం పెట్టాల."

"యాడికో ఎందుకు, నేనుండా గదా."

"నువ్వు బీదోడివా? ఊళ్ళో రెండంతస్తులు లేపితివి."

"మరి ఈ ఊళ్ళో నీకు బీదోడు యాడ దొరుకుతాడు వొదినా. ఒంటెలు కాసేటోడు గూడా ఇంటికి ఫోటో పంపాలంటే పక్కోని కారుకు ఆనుకుని దిగుతాడు. నేను బీదోణ్ణి అని నోటితో చెప్పేదానికి ఎవురూ ఇక్కడికి రాలేదు."

దారికి రెండు పక్కలా ఇసుక. గంట సేపు అదే. ఉన్నట్టుండి పచ్చగా తాటివనాల్లాంటి ఖర్జూర తోటలు మొదలయ్యాయి. వేడి మాత్రం మా కడప ఎండను చలికాలం అనిపించేట్టు ఉంది. కారు దిగి ఇంటి తలుపు ముట్టుకుంటే చేయి కాలింది.

మొదటి ముద్ద

ఇంటి యజమానురాలిని అందరూ ఉమ్ సాలిహ్ అంటారు. అంటే సాలిహ్ వాళ్ళమ్మ. మనం కూడా ఆడవాళ్ళను అట్లాగే పిలుస్తాం కదా. నా రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి, మా చెల్లెలి గదిలోనే నాకు పడక వేయించింది. హుసేనమ్మ ఆమెతో గడగడా అరబ్బీలో మాట్లాడుతుంటే నోరు తెరిచి చూశాను. మనిషి కాస్త లావైంది. కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. నన్ను చూసి ఏడవలేదు, నవ్వలేదు. "కాళ్ళు కడుక్కో అక్కా" అంది.

రాగిపిండి ఎక్కడ సంపాదించిందో, సంగటి చేసింది. చెనక్కాయ పచ్చడి నూరింది. ముద్ద చేసి నా పళ్ళెంలో పెట్టి ఎదురుగా నిలబడింది. నేను తిన్నాను. పదకొండేళ్ళ ఒట్టు ఒక్క ముద్దకు పోయింది. మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ పెట్టింది. అప్పుడు నవ్వింది.

నేను అక్కడితో ఊరుకోవాల్సింది. కడుపు నిండిన సంతోషంలో కఫ్ఫారా సంగతంతా చెప్పి, "పదిమంది కావాలే హుసేనీ. తోడబుట్టినోళ్ళకు గూడా పెట్టొచ్చంట, హజ్రత్ చెప్పినాడు. నీతో మొదలుపెడితే ఇంక తొమ్మిది మందే" అన్నాను.

దాని ముఖంలో నవ్వు అట్లాగే ఆరిపోయింది. నా పళ్ళెం తీసుకుని, కడిగి, బోర్లించి, "పనుంది" అని వెళ్ళిపోయింది.

ఎర్రబియ్యం, బొరుగులు

తరువాత రెండు రోజులు నేనేమడిగినా అది అవును, కాదు అనడమే. దస్తగిరి నన్ను పాతబజారుకు తీసుకుపోయాడు. పైకప్పు ఉన్న బజారు, పొడుగాటి సందులు. అత్తరు, గిన్నెలు, ఒంటెబొచ్చుతో నేసిన అంగీలు. ఒకచోట ఎర్రబియ్యం పోసి ఉన్నాయి. ఆ ఊరి నేలలోనే పండుతాయట. ధర విని గింజలు మళ్ళీ కుప్పలో వేసేశాను. ఆ కిలో ధరకు మన దగ్గర పదికిలోల సన్నబియ్యం వస్తాయి. అంగడాయన నా ముఖం చూసి పిడికెడు గింజలు కాగితంలో కట్టి ఊరికే ఇచ్చాడు. బాలింతలకు పెడతారట. నాకెందుకవి అంటే దస్తగిరి, "పెట్టుకో వొదినా, యాపారం కాదది" అన్నాడు.

ఒక బంగ్లాదేశ్ ఆయన అంగట్లో బొరుగులు కనబడ్డాయి. మన బొరుగులే. ముఢీ అంటున్నాడు. ఇంటి గుమ్మంలోకి వచ్చినట్టయింది నాకు. రెండు సంచులు కొన్నాను, ఉగ్గాని చేయవచ్చని. ఎవరికి చేయాలో మాత్రం తెలియదు. "బీదవాళ్ళు ఎక్కడుంటారు" అని దస్తగిరి చేత ఆయన్ను అడిగించాను. ఆయన కాసేపు ఆలోచించి, "మా పక్క అంగడివాడు పాపం, వాడికి గిరాకీ తక్కువ" అన్నాడు. పక్క అంగడివాణ్ణి అడిగితే వీధి చివర కూలీలను చూపించాడు. ఆ కూలీలను అడగడానికి నాకే మొగం చెల్లలేదు.

కిటికీ తెర

ఉమ్ సాలిహ్ ఇంటి ప్రహరీలో ఒక గూడు ఉంది. అందులో ఫ్రిజ్ పెట్టారు. తలుపు వీధివైపు తెరుచుకుంటుంది. పొద్దున్నే అందులో రొట్టెలు, పాలు, పండ్లు, వండిన అన్నం డబ్బాల్లో పెట్టి సర్దుతారు. కావలసినవాళ్ళు తీసుకుపోతారు. అట్లాంటివి ఆ ఊళ్ళో చాలాచోట్ల చూశాను. కానీ ఈ ఇంట్లో ఒక పద్ధతుంది. ఆ గూటివైపున్న కిటికీ తెర ఎప్పుడూ తీయరు. దస్తగిరి కారు కూడా అటుపక్క ఆపడు. ఎవరు తీసుకున్నారో ఇంట్లోవాళ్ళ కంట పడకూడదట.

ఈ పద్ధతి నాకు అప్పటికి తెలియదు. మూడో రోజు సాయంత్రం ఆ కిటికీ ఉన్న గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. ఫ్రిజ్ తలుపు చప్పుడు వినబడింది. ఇన్ని రోజులు వెతుకుతున్నవాళ్ళు ఇంటి ముందుకే వచ్చారని తెర పక్కకు జరిపి చూశాను. ఒక బక్కపలచటి మనిషి రెండు డబ్బాలు తీసుకున్నాడు. ఒకటి, అనుకున్నాను. తరువాత ముసుగు వేసుకున్న ఒకామె. రెండు. ఆమె డబ్బా అందుకుంటూ తల ఎత్తింది. నన్ను చూసింది. డబ్బా మళ్ళీ లోపల పెట్టేసి, తలుపు వేసి, గబగబా వెళ్ళిపోయింది.

"ఏం చూస్తాండావు?"

వెనక హుసేనమ్మ నిలబడి ఉంది.

"ఎవురు బీదోళ్ళో చూస్తాండా" అన్నాను. అబద్ధం చెప్పడానికి కూడా తోచలేదు.

అది వచ్చి తెర మూసేసింది. గట్టిగా మాట్లాడలేదు. గట్టిగా అరిచినా బాగుండేది.

"చూసి ఏం చేస్తావు? పేరు రాసుకుంటావా? అప్పుడు వేలిముద్ర ఏసినావు, ఇప్పుడు రాసేది గూడా నేర్చుకున్నావు గదా."

"హుసేనీ."

"ఆ పొద్దు నేను బావికాడ ఉండా అక్కా. బిందె నెత్తిన పెట్టుకుంటాంటే మైకులో నా పేరు వినబడె. చుట్టూ ఉన్నోళ్ళంతా నా పక్క చూసిరి. ఒకామె నా బిందె పట్టుకుని దించబోయింది, పాపమని. అప్పటిదాంకా అట్ల ఎవురూ నా బిందె దించలా. మొగుడు పోయినాక గూడా నేను బొంతలు కుడతానే ఉంటి. నాకు ఆదరువు లేదని నీకు ఎవురు చెప్పినారు?"

పదకొండేళ్ళలో ఈ బిందె సంగతి నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. అది బియ్యం వద్దన్నందుకు నన్ను చిన్నబుచ్చిందని మాత్రమే అనుకున్నాను. ఇప్పుడు ముసుగులో ఉన్న ఆమె డబ్బా వెనక్కి పెట్టిన చేయి కళ్ళ ముందు కదిలింది.

"నేను చేసింది తప్పే" అన్నాను. "అప్పుడూ తప్పే, మొన్నా తప్పే, ఇప్పుడూ తప్పే."

అది మంచం అంచున కూర్చుంది. ఆ ముసుగామె మళ్ళీ వస్తుందేమోనని ఇద్దరం చెవులు రిక్కించుకుని ఉన్నాం. ఫ్రిజ్ చప్పుడు కాలేదు.

"పదిమందే కావాల్నా నీకు?" అంది ఆఖరికి.

"పదిమందే. బీదోళ్ళే కావాల. ల్యాకుంటే చెల్లదంట."

"అట్లయితే ఇరవై మందికి వండు. ముప్పై మందికి వండు. అంతమందిలో పదిమంది బీదోళ్ళు ఉండరా? వాళ్ళు ఎవురైందీ అల్లాకు తెలుసు. నీకు తెలియాల్సిన పనేముంది?"

ఇంతేసి గడ్డమున్న హజ్రత్‌కు కూడా ఈ ఉపాయం తట్టలేదు.

తోటలో

ఉమ్ సాలిహ్‌కు ఊరి చివర ఖర్జూర తోట ఉంది. దాన్ని ఆనుకుని ఇంకా తోటలు, పక్కనే ఒక కట్టడం పని. ఆమెను అడిగితే, "పెట్టండి, ఎందుకని నాకు చెప్పొద్దు" అందట. చెప్పకపోవడం ఆ ఇంటికి అలవాటే.

శుక్రవారం కాకుండా పని ఉన్న రోజే పెట్టుకున్నాం. పొద్దున్నే ఉగ్గాని. బొరుగులు తడిపి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పప్పులపొడి వేసి ఇద్దరం కలిపాం. నేను నీళ్ళలో ఎక్కువసేపు నానబెట్టేశాను. "ముద్దయిపాయ. ఊళ్ళో గూడా ఇంతే చేస్తావా?" అంది. ఆ మాటకు నా ప్రాణం లేచి వచ్చింది. పెద్దడబ్బాలో తీసుకుపోయి కూలీలు గడ్డపారలు పట్టుకునేముందే వాళ్ళకు పెట్టాం. బీహారువాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు, నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. ఆయన ఒక్క ముద్ద తిని, "మీరు రాయలసీమోళ్ళే, కారం చెప్తున్నది" అన్నాడు.

ఎండాకాలం అక్కడ మధ్యాహ్నం మూడుగంటల సేపు బయటి పని ఆపేస్తారు. ఆ సమయానికి అన్నం, కోడికూర, పప్పు, పెరుగు తీసుకుపోయాం. మా ఇంట్లో ఆదివారం తినేదే. తోటలో చెట్ల కింద చాప పరిచాం. పొద్దున తిన్నవాళ్ళు అందరూ వచ్చారు. వాళ్ళ వెనక ఇంకొందరు వచ్చారు. కొందరు ఇసుక లారీల వాళ్ళు. ఒకడి చేతికి మంచి గడియారం ఉంది. ఇతడు లెక్కలోకి వస్తాడా అని నా మనసు అడగబోయింది. దాన్ని గిచ్చి కూర్చోబెట్టాను.

తోట చూసుకునే బంగ్లాదేశ్ ఆయన ఊరికే తినడం ఇష్టంలేక, చెట్టెక్కి సగం పండిన ఖర్జూరం గెల కోసి తెచ్చి చాప మధ్యలో పెట్టాడు. అట్లాంటి ఖర్జూరం నేనెప్పుడూ తినలేదు. సగం కరకరలాడుతుంది, సగం బెల్లంపాకం. అందరం తిన్నాం.

నిజామాబాద్ ఆయన చేయి కడుక్కుని, "గిదేం దావత్ చెల్లే? సద్ఖా దానమా, మొక్కా?" అని హుసేనమ్మను అడిగాడు. చాప మీద చేతులు ఆగాయి. అందరూ వినాలని చూస్తున్నారు. కఫ్ఫారా అంటే వీళ్ళంతా బీదలని పేరు పెట్టినట్టే.

హుసేనమ్మ గరిట పక్కన పెట్టి, అందరికీ అర్థమయ్యేట్టు ఉర్దూలో ఒకసారి, ఆయన కోసం తెలుగులో ఒకసారి చెప్పింది.

"మా అక్క వచ్చింది. అందుకే."

"గట్లనా? ఎన్నేండ్లకు?"

"పదకొండు."

"అయితే పెరుగు ఇంకింత వెయ్యి" అన్నాడాయన. మళ్ళీ తినడం మొదలుపెట్టారు.

అది వాళ్ళ మధ్యనే కాస్త జాగా చేసుకుని చాప మీద కూర్చుంది. ఒక పళ్ళెం తీసుకుని నావైపు పట్టింది.

"నాకూ పెట్టు అక్కా. ఆకలైతాంది."

పెట్టాను. కూరలో మంచి ముక్క వెతికి వేశాను. అది తింటూ పక్కనున్న బీహారు ఆయనకు ఖర్జూరం అందించింది. ఆయన దానికి నీళ్ళు అందించాడు. ఆ చాప మీద ఎంతమంది కూర్చున్నారో, వాళ్ళలో ఎవరు బీదలో, పదిమంది అయ్యారో లేదో నేను చూసుకోలేదు. గిన్నె అడుగంటేదాకా వడ్డిస్తూనే ఉన్నాను.